తాత ఒమేగా ఆగిపోతుంటే

తమ్మీ, మీ తాత ఒమేగా సీమాస్టర్ వాచీ ఊరికే ఆగుతోందని, వెనక మూత తీస్తే లోపలి మిషన్ మీద దాని నంబరు 565 అని ఉందని, కంపెనీ సర్వీసు ఖర్చు చూసి గుండె జారిందని రాసినవ్. చాలావరకు అది లోపలి నూనె ఎండిపోవడమే. హెచ్‌ఎంటీ ఆటోమేటిక్‌లు పూర్తిగా విప్పి, కడిగి, నూనె పెట్టిన చేతికి ఆ మిషన్ కొత్తేం కాదు. హన్మకొండ, వరంగల్ చౌరస్తాల్లో పాత మెకానిక్‌లను అడుగు, లేదంటే హైదరాబాద్‌లో ఆబిడ్స్. టైమ్‌గ్రాఫర్, అంటే వాచీ నడక కొలిచే యంత్రం, ఉందా అని ముందే కనుక్కో. మీ తాత వాచీ గంటకు 19,800 బీట్లు (టిక్కులు) కొట్టాలి. పనయ్యాక ఆ యంత్రం తెరమీద గీత వంకర పోకుండా సాగాలి, అది నీ కళ్లతో చూడు.

డయల్‌కు మాత్రం కొత్త రంగు వేయనీయకు! కేసుకు పాలిష్ కూడా వద్దు. అక్షరాలు, అంచులు ఒకసారి పోతే మళ్లీ రావు. పార్టులు మారిస్తే పాతవి అడిగి తెచ్చుకో.