పంటి కబురు: జ్ఞానదంతం తీయించుకుంటే నొప్పి బిళ్ళ తప్పదా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కవిటి మండలం. నాకు 25 ఏళ్ళు. పోయిన నెల కుడివైపు కింది జ్ఞానదంతం తీయించుకున్నాను. ఎడమవైపుది కూడా అడ్డంగానే ఉంది, తీయాల్సిందే అన్నారు. మా నాన్నకి కిడ్నీలు పాడై మూడేళ్ళుగా డయాలసిస్ చేయిస్తున్నాం. అందుకని నేను నొప్పి బిళ్ళల జోలికి పోను. మొదటిసారి చీటీలో రాసినవి కొననే లేదు. ఆ సాయంత్రమే ఉప్పునీళ్ళు గట్టిగా పుక్కిలించి, లవంగనూనెలో ముంచిన దూది గుంటలో పెట్టుకున్నాను. రెండు రోజులు ఓర్చుకున్నాను గానీ మూడోరోజు నుంచి చెవిదాకా ఒకటే సలుపు, నోరు వాసన. వారం నిద్ర లేదు. ఈసారి మందుల్లేకుండా గట్టెక్కే దారి చెప్పండి.

జవాబు: మా పెద్దబ్బాయి వయసువాడివి బాబూ, నువ్వనే రాస్తాను. బిళ్ళ వేసుకోనందుకు నువ్వా వారం బాధ పడలేదు. దూది పెట్టుకున్నందుకు పడ్డావని నా అనుమానం.

పన్ను తీసిన గుంటలో నెత్తురు గడ్డకట్టి కదలకుండా ఉండాలి. లోపలి ఎముకకీ, నరాల కొసలకీ అదే కప్పు. నువ్వు పుక్కిలించినప్పుడు అది కొంత కదిలి ఉంటుంది. దూది లాగినప్పుడు మిగిలింది కూడా దానికి అంటుకుని వచ్చేసి ఉంటుంది. కప్పు లేచిపోయిన ఇంట్లోకి వాన వచ్చినట్టే, ఎముకకి గాలీ తిండీ తగులుతాయి. మేం దాన్ని డ్రై సాకెట్ అంటాం. మూడోరోజు మొదలవడం, చెవిదాకా లాగడం, వాసన, అన్నీ దానికి సరిపోతున్నాయి. అప్పుడే వెనక్కి వెళ్ళి చూపించుకుని ఉంటే గుంట కడిగి మందు కట్టు పెట్టేవారు, ఆ పూటే సగం తేలికపడేవాడివి. ఆ కట్టులోనూ చాలాసార్లు లవంగనూనెలో ఉండే మందే ఉంటుంది. అలాగని పచ్చిపుండులో నూనె నేరుగా పోస్తే కండ కాలుతుంది.

ఇక నీ భయం సంగతి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాడికి ఆ భయం ఉండడం తప్పంటే నేను ఒప్పుకోను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రే తెరవాల్సి వచ్చిన నేల అది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకం బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గించగలవు. నొప్పికి తిండీ నీళ్ళూ మానేసి ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు వేసుకుంటే మరీ ముప్పు. పారాసెటమాల్ ఆ రకం కాదు. మందుల షాపులో "నొప్పి బిళ్ళ" అని అడిగితే రెండూ కలిపిన పట్టీ చేతిలో పెడతారు, వెనక చిన్నక్షరాలు చదువుకో. ఆపరేషన్‌కి ముందే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, నాన్న సంగతి డాక్టరుకి నోరు తెరిచి చెప్పు. చీటీ జేబులో పెట్టుకుని కొనకుండా ఊరుకుంటే ఆయనకేం తెలుస్తుంది? మత్తు దిగే వేళకి ఒక్క పారాసెటమాల్, డాక్టరు సరేనంటే, దగ్గర ఉంచుకో. అవసరం పడకపోతే పారెయ్.

నా ఎడమ జ్ఞానదంతం నా క్లాస్‌మేటే తీశాడు. రోజుకి పదిమందికి జాగ్రత్తలు చెప్పే నేను ఆ రాత్రి దిండు లేకుండా వెల్లకిలా పడుకున్నాను. అర్ధరాత్రి గుండె దవడలో కొట్టుకుంటున్నట్టనిపించి లేచాను. మర్నాడు రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఒరిగితే నిద్ర పట్టింది. తల కిందికి ఉంటే నెత్తురు అటు ఎక్కువ చేరి పోటు పెరుగుతుంది. పాఠం చదివి పాసయ్యాను గానీ, దవడతో నేర్చుకున్నది ఆ రోజే.

మొదటి రోజంతా చల్లదనమే నీ మందు. ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ గడ్డకట్టించి, తువ్వాల్లో చుట్టి, బుగ్గ మీద పావుగంట పెట్టు, పావుగంట తియ్యి. మెలకువగా ఉన్నంతసేపూ ఇదే పని. వాపు ఎంత తక్కువ వస్తే లాగుడు అంత తక్కువ. ఆ వాపు రెండు మూడు రోజుల దాకా పెరుగుతుంది, కంగారు పడకు. రెండు రోజులు దాటాక ఐసు మానేసి గోరువెచ్చని గుడ్డ కాపడం పెట్టు. అప్పటికి మిగిలే నొప్పిలో సగం పుండుది కాదు, గంటసేపు నోరు తెరిచి ఉంచినందుకు బిగుసుకున్న దవడ కండరాలది. చెవి ముందు భాగం వేళ్ళతో మెల్లగా రాస్తూ, నోరు కొద్దికొద్దిగా తెరుస్తూ ఉండు. మూడు వేళ్ళు నిలువుగా పట్టేదాకా రోజూ కాస్త కాస్త పెంచు. బలవంతం వద్దు.

ఉప్పునీళ్ళు 24 గంటలు గడిచాకే. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నీళ్ళు వాటంతటవే జారిపోనీ. ఉమ్మకు. స్ట్రాతో తాగకు.

తిండికి మన చోడి (రాగి) అంబలి చల్లార్చి తాగితే దానికి మించింది లేదు. పెరుగన్నం మెత్తగా పిసికి అవతలి పక్కన నములు. జీడిపప్పు, చేగోడీలు వారం తర్వాత చూసుకో. కొబ్బరినీళ్ళు నీకు మంచివే. నాన్నకి మాత్రం పొయ్యకు, అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి పడదు.

ఇంకొక్కటి. ఆపరేషన్ సోమవారమో మంగళవారమో పెట్టించుకో. మూడో రోజు ఆదివారమై క్లినిక్ మూసి ఉంటే నీ ఓర్పు ఎందుకూ పనికిరాదు. రోజురోజుకీ తగ్గే నొప్పిని బిళ్ళ లేకుండా దాటెయ్యి. తగ్గి మళ్ళీ పెరిగినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అదే పూట వెళ్ళి చూపించుకో. యాంటీబయాటిక్ రాస్తే అది నొప్పి బిళ్ళ కాదు, మానకు.

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్ళు, అడ్డపొగ (వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగుతుంది. వచ్చే వారం దవడపన్ను తీయిస్తున్నాం. "ఒక్కరోజు మానేస్తాన్లే, చుట్ట తాగితే నొప్పి తెలీదు" అంటోంది. పర్వాలేదా? (బొబ్బిలి నుంచి ఒక కూతురు)

జవాబు: ఒక్కరోజు చాలదమ్మా. పీల్చే ఊపుకి నెత్తురుగడ్డ కదులుతుంది, పొగాకు ఆ చోటికి రక్తం సరిగా పారనివ్వదు. పై ఉత్తరంలో ఆ అబ్బాయి పడ్డ బాధ అమ్మకి రాకూడదనుకుంటే కనీసం వారం చుట్టపెట్టె మీ దగ్గర దాచండి. కోప్పడుతుంది, పడనివ్వండి.

పన్ను తీసే రోజున అంగిలి కూడా చూడమని డాక్టరుని అడగండి. నిప్పు లోపల పెట్టి తాగేవాళ్ళకి ముందు కాలేది అంగిలే. అక్కడ తెల్లమచ్చగానీ, ఎర్రమచ్చగానీ, రెండు వారాలైనా మానని పుండుగానీ ఉంటే క్యాన్సరేమోనని పరీక్ష చేయించాలి. నా దగ్గరికి పంటికోసం వచ్చిన ఒకావిడకి అలాగే బయటపడింది. ఆవిడకి అక్కడ నొప్పన్నదే లేదు.