ముందు ఆ పై పెదవి ఎత్తి చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. చిన్నోడికి రెండేళ్లు నిండకముందే పై ముందరి పళ్లు గోధుమ రంగుకు తిరిగాయని, "పాలపళ్లే కదా, ఎట్లాగూ ఊడేవే" అని మీ అత్తమ్మ అంటున్నారని చెప్పావు. ఆమెతో గొడవ పెట్టుకోకు, కానీ ఈ ఒక్క విషయంలో ఆమె లెక్క తప్పు. ముందరి పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. వెనక దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. ఇంకో ఎనిమిది, పదేళ్లు వాడు జొన్నరొట్టె, మక్కకంకి నమలాల్సింది వాటితోనే కదా.

పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసినోడు పిల్లోడి పళ్ల గురించి చెప్తున్నాడేంది అని నవ్వుకున్నా పర్వాలేదు. ముప్పై ఏళ్లు నోరు లేని జీవాల నోళ్లే చూశాను. అంగడిలో మేకపోతును కొనేవాడు ముందు దాని కింది పెదవి వంచి చూస్తాడు, రెండు పళ్లదా నాలుగు పళ్లదా అని, దాని వయసు తెలిసేది వాటితోనే. మేకకు పైన ముందరి పళ్లే ఉండవు కాబట్టి పైన చూసేదేం లేదు. మనోడికి మాత్రం పై పెదవే ఎత్తాలి, ఎందుకంటే సీసా పాలతో వచ్చే పుచ్చు మొదలయ్యేది అక్కడే. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలు పై పళ్ల చుట్టూ నిలుస్తాయి, కింది పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి కడిగే నీళ్లుండవు. మొదట చిగురు అంచున సున్నం గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తుంది. ఆ దశలో పట్టుకుంటే చాలావరకు ఆపొచ్చు. గోధుమ రంగు వచ్చిందంటే మనం కొంచెం ఆలస్యమైనట్టే, అయినా చేతులు దాటిపోయిందేమీ లేదు.

ఒక సంగతి చెప్తా. అదెక్కడి జూనో పేరెందుకులే, ఒకసారి మత్తు ఇచ్చి పడుకోబెట్టిన గుడ్డెలుగు దగ్గర డాక్టరుకు సాయంగా టార్చి పట్టుకుని నిలబడ్డాను. పై దవడ ముందర నడిమి రెండు పళ్లు లేవు. ఊడిపోయాయేమో అనుకున్నా. కాదట, దాని జాతికే ఉండవట, ఆ సందులోంచే చెదపురుగుల్ని గుంజి పీలుస్తుందట, అందుకే నలభై పళ్లే. డాక్టరు చూపించింది వెనక పన్ను. మిరియం గింజంత నల్ల చుక్క, పుల్లతో తాకితే లోపలికి దిగింది. మనుషులు విసిరే బిస్కెట్లు, మిఠాయిల పుణ్యమది. అడవిలో పులికి, జింకకు పళ్లు పుచ్చడం చాలా అరుదు, వాటి తిండిలో చక్కెర ఉండదు కాబట్టి. వాటి కష్టాలు వేరు: పులికి కోర విరిగితే వేట కష్టం, ఏనుగుకు దవడ పళ్లు ఆరు దఫాలుగా వస్తాయి, ఆ ఆరోది కూడా అరిగిపోతే ముసలి ఏనుగు తిండి నమల్లేక చిక్కిపోతుంది. తేనె, పండ్లు, ఇప్పపూలు తినే ఎలుగు నోరు మాత్రం మన నోరు లాంటిదే అనుకో.

ఆ ఎలుగు అంతకు ముందు ఒక్కరోజు కూడా మూలగలేదు. గట్టి తిండి పక్కకు పెట్టడం, ఒకవైపే నమలడం, నోట్లోంచి ముద్ద జారవిడవడం, ఇవి చూసి కాపలా మనిషి పసిగట్టాడు. రెండేళ్ల పిల్లోడు కూడా అంతే బిడ్డా, పన్ను నొస్తుందని చెప్పడు. అన్నం బుగ్గలో పెట్టుకుని కూర్చుంటాడు, చల్లటి నీళ్లు తోసేస్తాడు, రాత్రి ఊరికే లేచి ఏడుస్తాడు. మనం మొండితనం అంటాం.

ఇప్పుడు పని చెప్తా. నువ్వూ అల్లుడూ ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చోండి. వాడి కాళ్లు అల్లుడి నడుముకు అటూ ఇటూ, తల నీ ఒళ్లో. అప్పుడు నోరంతా పైనుంచి కనిపిస్తుంది. ఏడిస్తే ఏడవనీ, ఏడిస్తే నోరు ఇంకా బాగా తెరుస్తాడు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత చాలు, మూడేళ్లు దాటాక బఠానీ గింజంత. టీవీలో చూపించినట్టు బ్రష్ నిండా పెట్టకు. పొద్దున ఒకసారి తప్పినా పర్వాలేదు గానీ రాత్రి తోమడం తప్పొద్దు, తోమాక మంచినీళ్లు తప్ప ఏమీ పట్టొద్దు. ఏడెనిమిదేళ్ల దాకా నువ్వే తోమాలి, అప్పటి దాకా వాడి చేయి సరిగా తిరగదు. మీ ఇంట్లో తాగేది బోరు నీళ్లయితే ఒకసారి పరీక్ష చేయించు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటి ఫ్లోరైడ్ ఉంటే డాక్టరును అడిగాకే ఆ పేస్టు వాడాలి. నల్లగొండ వైపు ఆ నీళ్లు పళ్లను, ఎముకలను ఏం చేశాయో నీకు తెలుసు కదా. బొగ్గు, ఇటుక పొడి జోలికి పోకు, లవంగం నూనె వాడి చిగుళ్లకు రాయకు, మంట పుట్టి పుండవుతుంది.

సీసా ఒక్కరోజులో గుంజేయకు, ఇల్లంతా గోలైతది. రాత్రి పాలలో రోజూ కాసిన్ని నీళ్లు పెంచుకుంటూ పో, వారం పది రోజులకు ఉత్త నీళ్లే మిగులుతాయి, వాడే విసుగొచ్చి వదిలేస్తాడు. పొద్దున గ్లాసులో పాలివ్వు, చక్కెర వద్దు. బెల్లం మంచిదే కదా అంటారు, మేడారం జాతరలో బంగారమని మొక్కే బెల్లమైనా పంటికి చక్కెరే. ఒకేసారి లడ్డూ తినేసి నీళ్లు తాగడం కంటే రోజంతా చప్పరించడమే ఎక్కువ చెరుపు.

జూల్లో ఏనుగుకు, ఎలుగుకు నోరు తెరవడం నేర్పిస్తారు, తెరిచినప్పుడల్లా ఇష్టమైన ముక్క పెట్టి, రోజుకు కొంచెం కొంచెం. చిన్నోడితోనూ అట్లాగే ఆడు: నీ పళ్లు వాడితో తోమించుకో, ఎలుగులా నోరు తెరువు అను, తెరిస్తే చప్పట్లు కొట్టు. చాక్లెట్ ఇచ్చేవు సుమా!

ఈ వారంలోనే పిల్లల పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లు. అసలు మొదటి పుట్టినరోజుకే చూపించాల్సింది, పోనీలే. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తారేమో. పుచ్చిన చోట నల్లగా అవుతుంది, దాన్ని చూసి బెంగపడకు, పుచ్చు ఆగిందనడానికి అదొక గుర్తు. నల్లగా ఉందని చుట్టాలు అంటే నా పేరు చెప్పు.

రేపు పొద్దున ఎండలో, పెదవి ఎత్తి ఒక ఫోటో తీసి పంపు. ఫ్లాష్ వేయకు, తెల్ల గీత కనపడదు.

మీ పెద్దబాపు