కౌజు, గినీ గుడ్లకు ఎలాంటి పొదుగు మిషన్ కొనాలి?

పెరటి పక్షుల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పెరట్లో ఎనిమిది గినీ కోళ్లు (ఆరు పెట్టలు, రెండు పుంజులు), జాలీ గూట్లో ముప్పై జపాన్ కౌజు పిట్టలు (ఇరవై రెండు పెట్టలు, ఎనిమిది పుంజులు) ఉన్నాయి. కౌజులు గుడ్లు పెడతాయి గానీ పొదగవు. గినీ పెట్టలు కంచె పొదల్లో గుడ్లు పెట్టి, పొదుగు మధ్యలోనే లేచిపోతున్నాయి. అందుకని చిన్న ఇంక్యుబేటర్ కొనాలనుకుంటున్నాను. ఒకరు 50 గుడ్లది చాలంటారు, ఒకరు 200 గుడ్లది కొనమంటారు, మా తమ్ముడు థర్మకోల్ డబ్బాతో తానే చేసిస్తానంటున్నాడు. ఏది మంచిది? మిషన్‌ను ఇంటి పక్క రేకుల గదిలో పెట్టాలని అనుకున్నాను.

జవాబు: మీరు చివర్లో రాసిన రేకుల గది సంగతి ముందుగా తేల్చుకోవాలి. ఇంక్యుబేటర్‌లో వేడిచేసే హీటర్ ఉంటుంది గానీ చల్లబరిచే ఏర్పాటు ఉండదు. గుడ్లకు కావలసినది 37.5 డిగ్రీల సెల్సియస్. మే నెలలో మన నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున రేకుల కింది గది అంతకన్నా ఎక్కువ కాగుతుంది, హీటర్ పూర్తిగా ఆగిపోయినా మిషన్ లోపలి వేడి గది వేడి కన్నా తగ్గదు. పైగా పొదుగు సగం దాటాక పిండాలు తమ వంతు వేడిని తామే పుట్టిస్తాయి. గుడ్డు కొన్ని గంటలు చల్లబడితే పిల్ల బయటికి రావడం కొంత ఆలస్యమవుతుందేమో గానీ, 40 డిగ్రీల వేడిలో అన్నే గంటలు ఉంటే చాలా పిండాలు చచ్చిపోతాయి. గినీ పెట్టలు ఎండలు ముదిరే కాలం నుంచి వానాకాలం చివరి దాకానే బాగా గుడ్లు పెడతాయి కాబట్టి, ఆ ఎండాకాలాన్ని తప్పించుకునే వీలు మీకు లేదు. అందుకని ఇంట్లో మట్టి గోడలదో, పైన స్లాబు మీద మరో అంతస్తు ఉన్నదో, షాబాదు బండలు పరిచి కిటికీకి ఎండ తగలనిదో ఒక గది చూసుకోండి. ఆ గది రాత్రింబవళ్లు 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మామూలు మిషన్ కూడా బాగా పనిచేస్తుంది. అలాంటి గది లేకపోతే ఎంత ఖరీదైన మిషన్ కొన్నా రోహిణి కార్తెలో గుడ్లు పెట్టకండి, మృగశిర వచ్చి వాతావరణం చల్లబడే దాకా ఆగండి.

ఇక మిషన్ సంగతి. ఫ్యాన్ ఉన్నదే కొనండి. ఫ్యాన్ లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరడం వల్ల పై అంచుకీ అడుగుకీ తేడా వస్తుంది, అందుకే అలాంటి పెట్టెలో గుడ్డు పైభాగం దగ్గర 38.5 డిగ్రీలు ఉంచాలని చెబుతారు. కౌజు గుడ్డు పది గ్రాముల ప్రాణం, గినీ గుడ్డు సుమారు నలభై గ్రాములు. ఎత్తులో ఇంత తేడా ఉన్న రెండు రకాల గుడ్లను గాలి తిరగని పెట్టెలో ఒకే వేడికి నిలపడం సాధ్యం కాదు. మీ తమ్ముడి ఉత్సాహాన్ని నేను కాదనను. అయితే థర్మకోల్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది, బల్బు హోల్డరు దగ్గర వైరు కాలితే ఇంటికే ప్రమాదం. అదీగాక ఒక విడత పొదుగు పూర్తయ్యాక పెంకులు, రెట్టలు, పొరలు అంటుకున్న థర్మకోల్ గోడను శుభ్రంగా కడగలేం, ఆ మురికి తర్వాతి విడత పిల్లలకు బొడ్డు వాపును అంటిస్తుంది. సబ్బు నీళ్లతో, పలచని బ్లీచింగ్ ద్రావణంతో కడగడానికి వీలుగా లోపలి భాగాలు ఊడివచ్చే గట్టి ప్లాస్టిక్ మిషన్ మీకు సరిపోతుంది.

ఎన్ని గుడ్లది అన్నది మీ పక్షుల లెక్క తేలుస్తుంది. ఇరవై రెండు కౌజు పెట్టలు బాగా పెట్టే రోజుల్లో రోజుకు పదిహేడు దాకా గుడ్లు ఇస్తాయి, ఐదు రోజులు ఏరితే ఎనభై ఐదు. గినీ గుడ్లు వారానికి ఇరవై చిల్లర వస్తాయనుకుందాం. దుకాణంలో 200 అని చెప్పేటప్పుడు అవి కోడి గుడ్లా, కౌజు గుడ్లా అని తప్పకుండా అడగండి, ఎందుకంటే కౌజు గుడ్ల లెక్కన అంకె పెద్దగా కనిపిస్తుంది. కోడిగుడ్ల లెక్కన 60 నుంచి 100 పట్టేది మీకు చాలు. ట్రేలు మాత్రం రెండు రకాలవి ఇవ్వమనండి. కోడిగుడ్డు గుంటలో కౌజు గుడ్డు కదిలి పక్కకు ఒరిగిపోతుంది, ట్రే తిరిగినప్పుడు దొర్లి పగులుతుంది. గుడ్డును రోజుకు కనీసం మూడు నుంచి ఐదు సార్లు తిప్పాలి గనుక, పొలం పనుల్లో ఉండే మీకు దానంతట అదే గంటకోసారి తిప్పే మోటారు ఉన్న మిషనే తగినది.

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టు పట్టేది థర్మామీటర్ గురించి. మిషన్ మీద కనిపించే అంకెను అలాగే నమ్మవద్దు. నేను మొదట కొన్న మిషన్ 37.5 చూపిస్తూ లోపల నిజానికి 38.6 డిగ్రీలు ఉండేది. ఆ సంగతి తెలియక రెండు విడతల గుడ్లు పోగొట్టుకున్నాను, కౌజు పిల్లలు పదిహేనో రోజుకే కుంటుకుంటూ వచ్చి వరసగా చచ్చిపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అంత నష్టాన్ని ఆపడానికి మన ఇంట్లో ఉండే జ్వరం చూసే థర్మామీటర్ చాలు. గుడ్లు పెట్టకముందే మిషన్‌ను ఒకటి రెండు రోజులు ఖాళీగా నడిపి, ఆ థర్మామీటర్‌ను గుడ్డు ఉండే ఎత్తులో పడుకోబెట్టి చూడండి. పాదరసం గొట్టమైతే విదిలించే దాకా అత్యధిక వేడి దగ్గరే నిలిచి ఉంటుంది గనుక, రాత్రి మీరు నిద్రపోయినప్పుడు లోపల వేడి ఎంతవరకు ఎగబాకిందో పొద్దున్నే అది చెబుతుంది. థర్మోస్టాట్ హీటర్‌ను ఆపే, మళ్లీ వెలిగించే అంకెల మధ్య తేడా 0.2, 0.3 డిగ్రీలకు మించనిది తీసుకోండి. ఒక డిగ్రీ తేడాతో పనిచేసేది వద్దు.

తేమ కూడా ఇలాంటిదే. మొదటి రోజుల్లో 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజుల్లో 65 నుంచి 70 శాతం ఉండాలి. మిషన్‌లోని తేమ మీటరు నిజం చెబుతోందో లేదో చూడాలంటే, ఒక మూతలో ఉప్పు వేసి కొద్దిగా నీళ్లు చిలకరించి ముద్దలా చేసి, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచండి. అది 75 దగ్గర చూపించాలి, ఎంత తేడా వస్తే అంత లెక్కలో వేసుకోవాలి. నీటి తొట్టిలో నీళ్లు ఎంత లోతున్నాయన్నది తేమను పెంచదు, నీటి ఉపరితలం ఎంత వెడల్పుగా ఉందన్నదే పెంచుతుంది. మన బోరు నీళ్లలోని లవణాలు ఆవిరితో పైకి పోవు కాబట్టి వాటివల్ల గుడ్డుకు నష్టం లేదు గానీ, తొట్టికి, తేమ కోసం వేసే తడిబట్టకు తెల్లటి గార కట్టి నీరు పీల్చనివ్వవు. వాననీళ్లో, ఫిల్టర్ నీళ్లో పోస్తే ఆ బాధ ఉండదు.

కరెంటు గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం అవసరం. 100 వాట్ల మిషన్ అయితే 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ సగం వాడకంతోనే ఎనిమిది గంటలకు పైగా నడిపిస్తుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో రెండు మూడు గంటల కోత పడితే మూత తీయకుండా ఉంచితే చాలు. అయితే చివరి వారంలో, అదీ వేసవి మధ్యాహ్నం కోత పడితే, పిండాల వేడి లోపలే నిలిచి, గాలి అందక అవి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. అప్పుడు మూతను కాస్త ఎత్తి ఉంచాలి.

రెండు రకాలనూ ఒకే మిషన్‌లో పొదిగించవచ్చు. గినీ గుడ్లకు 26 నుంచి 28 రోజులు, కౌజు గుడ్లకు 17 నుంచి 18 రోజులు పడుతుంది గనుక, గినీ గుడ్లు పెట్టిన పదో రోజున కౌజు గుడ్లు పెడితే రెండూ ఇంచుమించు ఒకేసారి పిల్లలవుతాయి, తిప్పడం ఆపే రోజు కూడా కలుస్తుంది (గినీకి 24, కౌజుకు 14). మిషన్‌లో పిల్లలు వచ్చే అరలో మధ్యన జాలీ అడ్డం పెట్టండి, లేకపోతే బలమైన గినీ పిల్లలు ఆరేడు గ్రాముల కౌజు పిల్లలను తొక్కేస్తాయి. కొనేటప్పుడు ఫ్యాన్‌కు, నీటి తొట్టికి సన్నని జాలీ ఉందో లేదో వేలు పెట్టి చూడండి.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి. గత వేసవిలో 60 కౌజు గుడ్లు పెడితే 18 పిల్లలే వచ్చాయి. లోపం మిషన్‌దేనా?

జవాబు: రాని నలభై రెండు గుడ్లను పారేయకుండా పగులగొట్టి చూసి ఉంటే జవాబు అక్కడే దొరికేది, ఈసారి తప్పక చూడండి. పిండం జాడే లేకపోతే పుంజు సంగతి చూడాలి. మూడు నాలుగు పెట్టలకు ఒక పుంజు ఉండాలి. చిన్న రక్తపు వలయం కట్టి ఆగిపోతే గుడ్లు నిల్వ ఉన్నప్పుడే దెబ్బతిన్నాయేమో అనుమానించాలి. ఎండాకాలం గది వేడిలోనే, అంటే 21 డిగ్రీలు దాటితేనే, పిండం కొద్దికొద్దిగా ఎదగడం మొదలుపెట్టి, బలహీనపడి చచ్చిపోతుంది. గుడ్లను ఫ్రిజ్‌లో పెట్టకండి, అది మరీ చల్లన. తడి గోనె చుట్టిన మట్టి కుండలో, గుడ్లకు తడి తగలకుండా, సన్నటి కొన కిందికి ఉండేలా పెట్టి, వేసవిలో నాలుగు రోజులకు మించి ఆగకుండా మిషన్‌లోకి చేర్చండి.

పిల్ల పూర్తిగా ఎదిగి, ముక్కుతో పెంకును పొడిచి, లోపలే అంటుకుని చచ్చి ఉంటే చివరి రోజుల్లో తేమ పడిపోయిందని అర్థం. మొదటి పిల్ల కిచకిచ వినగానే మూత తీసి చూడాలన్న ఆత్రమే దీనికి ఎక్కువసార్లు కారణం. మూత తీసిన క్షణంలో బయటికి పోయిన తేమ తిరిగి రావడానికి చాలా సేపు పడుతుంది, ఆలోగా పొర ఎండి తోలులా బిగుసుకుపోతుంది. పిల్లల బొడ్డు కడుపు నీళ్లతో ఉబ్బి ఉంటే మాత్రం మొదటి నుంచీ తేమ ఎక్కువైందనుకోవాలి. దీన్ని ముందే పట్టుకోవడానికి బంగారం తూచే చిన్న కాటాతో గుడ్లను ట్రే సహా తూచి, ట్రే బరువు తీసేయండి. తిప్పడం ఆపే రోజుకు గుడ్ల బరువు సుమారు పన్నెండు శాతం తగ్గి ఉండాలి, అంటే 600 గ్రాముల గుడ్లు 530 దగ్గరికి రావాలి. కౌజు గుడ్డు మచ్చల పెంకును టార్చి వెలుతురులో చూసి పోల్చుకోవడం కష్టం, కాబట్టి నా దృష్టిలో మీకు కాటాయే నమ్మదగినది.

ప్రశ్న: అచ్చంపేట నుంచి. చెలకలో గడ్డి కోస్తుంటే అడవి కౌజు గుడ్లు దొరికాయి, నెమలి గుడ్లు కూడా కనిపిస్తుంటాయి. మిషన్‌లో పెట్టి పిల్లల్ని చేయవచ్చా?

జవాబు: పెట్టకూడదు. బజారులో కౌజు పిట్ట అని అమ్మే జపాన్ పిట్ట వేరు, కంజు అనీ అంటారు, అది గూట్లో పెంచే పక్షి. చెలకలోని కౌజు, పూరేడు, నెమలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న అడవి పక్షులు, వాటి గుడ్లు తీయడం కూడా నేరమే. గూడు కనిపించిన చోట రెండు మూడు గజాల గడ్డిని కోయకుండా వదిలేస్తే తల్లి సాధారణంగా తిరిగి వస్తుంది. గుడ్లు ఇప్పటికే చెదిరిపోయి ఉంటే ఎక్కడివక్కడే ఉంచి దగ్గరి అటవీ రేంజ్ కార్యాలయానికి తెలపండి. పెంచాలన్న కోరిక ఉంటే జపాన్ కౌజు, గినీ గుడ్ల గురించి మీకు దగ్గరలోని పాలెం కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయంలో గానీ అడగండి. గుడ్లు ఎవరి దగ్గర తీసుకున్నా అవి పెట్టి ఎన్ని రోజులైందో, ప్రయాణంలో ఎండ తగిలిందో లేదో అడిగి, బస్సులో తెచ్చాక కొన కిందికి పెట్టి ఒక పూట కదలకుండా ఉంచిన తర్వాతే మిషన్‌లో పెట్టండి.