నీరు తీసే ఇంజెక్షన్‌కీ వినికిడికీ సంబంధం ఏమిటి?

చెన్నై పెరంబూర్‌లో ఉన్న మీ మామయ్యగారికి ఒంట్లో నీరు తీయడానికి ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చాక చెవులు మందగించాయి, రెంటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉండొచ్చు.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో ఎండోలింఫ్ అనే ద్రవం ఉంటుంది. ఒంట్లో కణాల బయటి ద్రవాల్లో మామూలుగా సోడియం ఎక్కువ. ఇక్కడ తిరకాసు: పొటాషియమే ఎక్కువ, లీటరుకు దాదాపు 150 మిల్లీమోల్స్. పైగా సుమారు 80 మిల్లీవోల్టుల పాజిటివ్ వోల్టేజీ. శబ్దానికి, దాన్ని పట్టే హెయిర్ సెల్స్ అనే కణాల మీది సన్నని పోగులు ఒరగగానే కొసల్లోని ద్వారాలు తెరుచుకుంటాయి, పొటాషియం లోపలికి దూసుకొస్తుంది. ఆపైన కణం అడుగున కాల్షియం చేరి గ్లుటమేట్ అనే సంకేత రసాయనం విడుదలవుతుంది, నరం మెదడుకు కబురు పంపుతుంది.

ఆ వోల్టేజీని నిలబెట్టేది స్ట్రయా వాస్క్యులారిస్ అనే పొర. కిడ్నీలో ఫ్యూరోసెమైడ్ అడ్డుకునే ప్రోటీన్ కుటుంబానిదే ఒకటి ఇక్కడా పనిచేస్తుంది. మందు వల్ల అదీ ఆగితే వోల్టేజీ పడిపోతుంది. కణాలు బాగానే ఉన్నా వినపడదు.

చాలామందిలో ఇది తాత్కాలికమే. జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఇస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది హెయిర్ సెల్స్‌నే చంపగలదు, మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. మందు మీరే ఆపేయకుండా ఇవాళే డాక్టరుగారికి చెప్పండి.