ఆ నల్ల మచ్చ ఏ బూజుదో తేల్చే చదువు

ప్రశ్న: మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట, ఎక్కువ సువర్ణరేఖ. పోయినేడు కాయల మీద నల్ల మచ్చలు లేచి సగం పంట పోయింది. రెండుసార్లు మందు కొట్టినా ఆగలేదు. ప్లస్ టూ సైన్సు చదువుతున్న మా అమ్మాయి అప్పట్నుంచీ ‘ఆ బూజేదో కనిపెట్టే చదువు చదువుతా’ అంటోంది. నర్సింగ్ అయితే వెంటనే ఉద్యోగమని చుట్టాలు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చుట్టాల మాట తీసిపారేసేది కాదు. నర్సింగ్‌లో జీతం తొందరగా చేతికొస్తుంది. మీ అమ్మాయి అడుగుతున్న దారిలో డిగ్రీ నాలుగేళ్లు, ఆపైన పీజీ రెండేళ్లు. ఆరేళ్లు ఆగే ఓపిక ఇంట్లో ఉందా అన్నది మీరే చూసుకోవాలి.

ఇక ఆ పని సంగతి. మీరు చెప్పిన మచ్చలు ఆంత్రాక్నోస్ అనే బూజు తెగులు కావచ్చు, కాకపోనూ వచ్చు. కాయ తొడిమ దగ్గర మొదలై కిందికి కుళ్లితే లాసియోడిప్లోడియా అనే వేరే బూజును అనుమానిస్తారు. ఆంత్రాక్నోస్ అని తేలినా కథ అయిపోదు. దానికి కారణమైన బూజు కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్‌ను చాలాకాలం ఒకే జాతి అనుకున్నారు. 2012లో జన్యువులు పోల్చి చూస్తే అదొక ఉమ్మడి కుటుంబమని, అందులో 22 జాతులున్నాయని తేలింది. సూక్ష్మదర్శినిలో చాలావరకు ఒకేలా ఉంటాయి. డీఎన్‌ఏ చూస్తే తప్ప విడదీయలేం. పేరు పట్టుకుని ఏం చేస్తామంటారా? దీని దాయాది అక్యుటేటమ్ గుంపు కార్బెండజిమ్ అనే బూజు మందుకు అంతగా లొంగదు. పేరు తెలియకుండా కొట్టే మందు ఒక్కోసారి డబ్బు దండగ.

అమ్మాయికి ఇది నిజంగా ఇష్టమో, పోయినేటి కోపమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. మచ్చపడిన కాయ ఒకటి కడిగి, మూతున్న డబ్బాలో తడి కాగితం పరిచి పెట్టమనండి. రోజూ చూసి బొమ్మ గీసి తేదీ వెయ్యాలి. ఆంత్రాక్నోస్ అయితే కొద్దిరోజుల్లో మచ్చ మీద లేత నారింజ రంగు జిగురు చుక్కలు తేలతాయి. అవి ఆ బూజు వ్యాపించే బీజాల (స్పోర్ల) ముద్దలు. డబ్బా తెరవగానే వాసనకి ముక్కు మూసుకుని పారిపోయిందా, కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టించుకుందా, అదే మీకు జవాబు. నేనైతే మార్కుల కంటే దీన్నే నమ్ముతాను.

ఇష్టమే అయితే డిగ్రీ దగ్గర పొరపాటు పడకండి. చాలామంది దగ్గర్లో ఉందని బీఎస్సీ బోటనీలో చేరిపోతారు. బోటనీతో శిలీంధ్రాల (బూజుల) పరిశోధనకు వెళ్లొచ్చు గానీ, మొక్కల తెగుళ్ల శాస్త్రంలో ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌కు మామూలుగా బీఎస్సీ అగ్రికల్చరో హార్టికల్చరో ఉండాలి. భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓయూఏటీ మీ మొదటి గురి. మీ పర్లాకిమిడిలోనే సెంచూరియన్ వర్సిటీలోనూ వ్యవసాయ కోర్సుంది, ప్రైవేటు కాబట్టి ఫీజు కనుక్కుని దిగండి. శ్రీకాకుళం పక్కన నైరా వ్యవసాయ కళాశాల కూడా మీకు దగ్గరే, కానీ చదువంతా ఒడిశాలో సాగితే ఆంధ్రాలో స్థానిక కోటా దొరకదు. అందుకే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాయించండి. దేశంలోని వ్యవసాయ వర్సిటీల్లో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాటా సీట్లు దాంతోనే నింపుతారు. తెలుగు మాట్లాడే పిల్ల ఒడియాలో వెనకబడుతుందన్న బెంగ వద్దు, అక్కడ పాఠాలు ఇంగ్లిషులోనే.

ఉద్యోగాలంటే ఉద్యాన, వ్యవసాయ శాఖల అధికారులు, కృషి విజ్ఞాన కేంద్రాలు, మందుల కంపెనీల ప్రయోగశాలలు, ఎగుమతి సరుకును తనిఖీ చేసే ప్లాంట్ క్వారంటైన్ కేంద్రాలు. అచ్చంగా శిలీంధ్రం పేరు తేల్చే కొలువులు మాత్రం తక్కువ, వాటికి పీహెచ్‌డీ దాకా వెళ్లక తప్పదు.

ఈలోగా ప్లస్ టూలో బయాలజీ, కెమిస్ట్రీ గట్టిగా చదవనివ్వండి. మీ తోటలో ఏ మందు ఏ తేదీన కొట్టారో, ఆ వారం వాన పడిందో లేదో నోటుబుక్కులో రాసే పని కూడా తనకే అప్పగించండి.