ద కింద చిన్న గీత

టీచరే అమ్మ అయితే ఇంట్లో ఎలా ఉంటుంది, ఆవిడ పోయాక మీకు ఎక్కువగా గుర్తొచ్చేది ఏమిటి అని అడిగారు. నాకైతే ముందు గుర్తొచ్చేది ఎర్ర పెన్ను.

మాది కోనసీమ. అమ్మ 1927లో పుట్టింది, 2022లో పోయింది. 1949లో జిల్లా బోర్డు బడిలో చేరేనాటికి మాది మద్రాసు రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్. "రేవు దాటడం తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు, మూడు రాష్ట్రాల్లో ఉద్యోగం చేశాను" అనేది. బడి గోదావరి పాయకి అవతల, లంకలో. పొద్దున్నే పడవెక్కి, అవతల దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచేది. వరదకి పడవ కట్టేస్తే తప్ప సెలవు పెట్టేది కాదు. ఐదో తరగతి దాకా నేనూ ఆ పడవలోనే, ఆ బడికే.

బడిలో అమ్మా అని పిలవకూడదు, టీచరుగారూ అనాలి. రెండో తరగతిలో ఓసారి నోరుజారి "అమ్మా" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. అమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఏం కావాలి బాబూ?" అంది, ఎవరింటి పిల్లాణ్ణో అడిగినట్టు. ఆ "బాబూ"కి నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం ఇవతలి ఒడ్డున కాలు పెట్టాకే మళ్ళీ "ఒరేయ్" అని పిలిచింది. బెత్తం దెబ్బలు కూడా ముందు నాకే పడేవి, కొడుకుని వదిలేసిందని ఎవరూ అనకూడదుగా. అది న్యాయం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

1983 ఫిబ్రవరిలో రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించారు. అమ్మకి అప్పటికే 55 నిండాయి. 28వ తారీఖు సాయంత్రం రిజిస్టర్లు అప్పజెప్పి ఇంటికొచ్చేసింది. సన్మానం లేదు, దండ లేదు. అంతమంది ఒకేసారి దిగిపోతుంటే ఎవరు ఎవరికి దండ వేస్తారు? మరుసటి ఏడాదే వయసు మళ్ళీ 58 చేశారు. కోర్టులూ, బకాయిలూ అదంతా పెద్ద కథ, వదిలేద్దాం. ఆ రాత్రి అమ్మ టెన్షన్ జీతం గురించి కాదు. "ఐదో తరగతికి క.సా.గు. అయింది గానీ భిన్నాల కూడిక సగంలో ఉంది, ఏప్రిల్లో పరీక్షలు" అని నాన్నతో పదిసార్లు చెప్పింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, పక్కగదిలో వింటున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గొడుగు తీసుకుని రేవుకి బయల్దేరింది. బడిలోకి వెళ్తే బాగుండదని, లంకలో ఒకరింటి అరుగు మీద కూర్చుంది. బడి వదలగానే పిల్లలు అక్కడికొచ్చేవాళ్ళు. పరీక్షలయ్యేదాకా రోజూ వెళ్ళింది. పడవవాడు డబ్బులు తీసుకోలేదట. అది మాత్రం గొప్పగా చెప్పుకునేది.

34 ఏళ్ళు పనిచేసి 39 ఏళ్ళు పెన్షన్ తీసుకుంది. ఏటా సబ్‌ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, ఆ ఫారం జెరాక్స్ షాపు నుంచి నేనే తెచ్చేవాణ్ణి. పైన "జీవన ధృవీకరణ పత్రం" అని ఉండేది. అమ్మ సంతకం పెట్టేముందు ఎర్ర పెన్నుతో ఆ ధృ కొట్టేసి పక్కన ధ్రు అని రాసేది. "వట్రసుడి కాదురా, క్రావడి." ఎవరూ చూడరమ్మా, ఎందుకూ అంటే, "బతికున్నానని నేనిచ్చే కాగితం, తప్పుతో ఎలా ఇవ్వను?" అనేది. మరుసటి ఏడు మళ్ళీ అదే ఫారం, అదే తప్పు, అదే దిద్దుబాటు.

తర్వాత వేలిముద్రల మిషన్ వచ్చింది. కుర్రాడు అయిదు వేళ్ళూ మార్చి మార్చి పెట్టించాడు. "పడట్లేదండి మామ్మగారూ!" అమ్మ చేతివేళ్ళు చూసుకుని, "సుద్దముక్కలతో పాటే అరిగిపోయుంటాయి నాయనా" అంది. చివరికి కంటితో పట్టింది. అప్పుడు కూడా వెళ్తూ వెళ్తూ అతని బల్ల మీద అంటించిన కాగితంలో ఏదో దిద్దబోతే నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

పెళ్ళి శుభలేఖలు, పేపరు, మనవరాలి వాట్సాప్ మెసేజిలు, అన్నీ దిద్దాల్సిందే. ఇలాంటి మనిషితో కలిసి ఉండటం సుఖంగా ఉంటుందని మాత్రం అనుకోకండి. మా ఆవిడ సరుకుల చీటీ కూడా దాచేసేది.

2022 ఏప్రిల్లో కోనసీమ వేరే జిల్లా అయింది. "కదలకుండానే మళ్ళీ అడ్రసు మారిందిరా" అని నవ్వింది. ఆ వర్షాకాలంలోనే పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే.

పదకొండో రోజున లంకవాళ్ళు రేవు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అమ్మ ఫొటో, కింద పెద్ద అక్షరాలతో "శ్రద్దాంజలి". ద్ధ ఉండాల్సిన చోట ద్ద. మా అన్నయ్య నా మొహం చూసి, "ఊరుకో, అభిమానంతో కట్టారు" అన్నాడు. నేను ఊరుకున్నాను.

అంతలో పడవ దిగి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. అమ్మ దగ్గర చదివినవాడేనట. దండం పెట్టుకుని, ఫ్లెక్సీ వంక చాలాసేపు చూసి, "పెన్నుందాండీ?" అన్నాడు. ఆ పదిరోజులూ కాగితాల మీద సంతకాలకి అమ్మ పెన్నే నా జేబులో ఉంది. అదే ఇచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, ద కింద చిన్న గీత పెట్టబోయాడు. ఫ్లెక్సీ మీద పెన్ను జారిపోయింది. రెండోసారీ జారింది. మూడోసారి కాస్త నొక్కిపెట్టి గీశాడు. పడింది.