వాల్వు మార్చుకున్నదానివి, ముందు అయోర్టా కొలిపించుకో

పాపా, పిల్లల సంగతేమని మీ అత్తగారు రోజూ అడుగుతోందన్నావు. అడగనీ. గుండె వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా చేసినదాన్ని, ఉన్నదున్నట్టు చెప్తా విను.

నీకు పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వుకు, అదే గుండె నుంచి రక్తం బయటికి పోయే తలుపుకు, మూడు రేకులుండాల్సిన చోట రెండే ఉన్నాయి, అందుకే మార్చారు. కానీ వాల్వు మార్చినంత మాత్రాన దాని పైనుండే పెద్ద రక్తనాళం, అదే అయోర్టా, బాగుపడినట్టు కాదు. నీలాంటి చాలామందికి ఆ నాళం గోడ కూడా బలహీనంగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా ఉబ్బుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40, 50 శాతం దాకా పెరుగుతుంది, హార్మోన్లకు గోడ ఇంకా మెత్తబడుతుంది, అప్పుడు పొరలు చీలాయంటే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికే. అందుకని నెల తప్పకముందే ఎకోతో పాటు సీటీ గానీ ఎమ్మారై గానీ తీయించి అయోర్టా మొత్తం కొలిపించు. 50 మిల్లీమీటర్లు దాటితే ఇప్పుడు గర్భం వద్దు, ముందు దాన్ని సరిచేయించుకో అంటారు. ఆ మాట వినాల్సిందే తల్లీ.

నీది మెటల్ వాల్వు. నెల తప్పిందని తెలియగానే ఎవరో చెప్పారని ఎసిట్రోమ్, అదే రక్తం పలచబరిచే మాత్ర, ఆపేశావో, వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. అట్లాగని 6 నుంచి 12 వారాల మధ్య ఆ మాత్ర బిడ్డకు మంచిది కాదు. దాని బదులు హెపారిన్ ఇంజెక్షన్లకు మారాలా, ఎప్పుడు మారాలి అన్నది గుండె డాక్టరుతో ఇప్పుడే రాయించుకో. బీపీ మాత్రం పెరగనివ్వొద్దు.

కాన్పుకు పుట్టింటికి కళ్యాణదుర్గం పోతానంటే నేను ఒప్పుకోను. గుండె సర్జనూ కాన్పు డాక్టరూ ఒకేచోట ఉండే ఆస్పత్రి చూసుకో, కర్నూలు పెద్దాసుపత్రి లాంటిది. మీ అమ్మనే నీ దగ్గరికి రమ్మను.

చివరి మూడు నెలలూ, కాన్పయ్యాక మొదటి కొన్ని వారాలూ ఎక్కువ భయం. ఛాతీలోనో, వీపు మీద రెక్కల మధ్యనో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పొస్తే గ్యాసని సోడా తాగి పడుకోవద్దు, 108కి ఫోన్ చేయించు. ఆస్పత్రిలో ఎవరు కనబడితే వాళ్లకు ముందు ఒకటే చెప్పు: "వాల్వు ఆపరేషన్ అయింది, అయోర్టా చూడండి." ఈ మాట మీ ఆయనకూ నేర్పు, ఆ నొప్పిలో నీకు నోరు పెగలదు.

పాత డిశ్చార్జి కాగితం దొరక్కపోతే ఈ వారమే నకలు తెప్పించుకో.